ఇంటి పన్నులో పుస్తకం వాటా

ఈ నెల గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఉత్తరాల్లో సగానికి సగం గ్రంథాలయాల మీదే వచ్చాయి. శాఖా గ్రంథాలయాల్లో పుస్తకాలు ఇచ్చీ పుచ్చుకునీ రిటైరైనవాణ్ణి కాబట్టి సంపాదకులు ఆ కట్ట మొత్తం నా బల్ల మీదికి తోసేశారు. తెనాలి చుట్టుపక్కల పనిచేసినవాణ్ణి. మాటల్లో కాలవ గట్ల వాసన ఎక్కువైతే రాయలసీమ, ఉత్తరాంధ్ర పాఠకులు మన్నించాలి.

తెలుగువాళ్ల మొదటి గ్రంథాలయం ఏది? ఒక గైడులో వేటపాలెం అని ఉంది, ఇంకో దాంట్లో హైదరాబాద్ అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?
– ఒక విద్యార్థిని, ఏలూరు

ముందు ఆ రెండు గైడులూ పక్కన పెట్టమ్మా. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది. గొప్పది, కానీ మొదటిది కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న మొదలైంది. దానికంటే ముందే, మీ పక్కనే, భీమవరం దగ్గర కుముదవల్లి అనే పల్లెటూళ్లో 1897లో భూపతిరాజు తిరుపతిరాజు గారు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం పెట్టారు. అప్పటికి కందుకూరి వారు బతికే ఉన్నారు. బతికున్న సంస్కర్త పేరు, అదీ వితంతు వివాహాలు చేయించి ఊళ్లన్నింటా తిట్లు తింటున్న మనిషి పేరు, ఒక పల్లెలో బోర్డు మీద రాయించారంటే ఆ ఊరివాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఇవి కాక రాజుల కోటల్లో, మఠాల్లో ఉన్న తాళపత్రాల సంగతి వేరు. అక్కడికి నువ్వూ నేనూ వెళ్లి చదవడం కుదిరేది కాదు. హైదరాబాదులోనే 1891 నాటి ఆసఫియా గ్రంథాలయం ఉంది. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అంటున్నది అదే. అక్కడ అరబ్బీ, పారశీ, ఉర్దూ పుస్తకాలదే పెద్ద పీట. కాబట్టి నిజాం రాజ్యంలో తెలుగు కోసం తెలుగువాళ్లు పెట్టిన మొదటిది ఏదని అడిగితే 1901 అని రాయి. వట్టిగా ‘మొదటిది’ అని అడిగారంటే ప్రశ్న తయారుచేసినాయన ఏ గైడు చూశాడో దేవుడికే తెలియాలి.

‘ఆ రోజుల్లో లైబ్రరీ పెట్టడమంటే పోలీసుల్ని ఇంటికి పిలవడమే’ అని మా తాతయ్య అనేవారు. పుస్తకాలు చదువుకుంటే పోలీసులెందుకు?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

మీ తాతగారు ఉన్నమాటే చెప్పారు. నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. తెలుగులో చదువు చెప్పే బడి దొరకడమే గగనం. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. అలాంటి చోట కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు కలిసి, రావిచెట్టు వారి ఇంట్లోనే భాషానిలయం తెరిచారు. తర్వాత 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధని వచ్చాయి. పేర్లు చూడండి: కృష్ణదేవరాయలు, రాజరాజ నరేంద్రుడు. పైకి భక్తిగా ప్రాచీన రాజుల పేర్లే, లోపల జరిగేది మాత్రం తెలుగు మాట నిలబెట్టే పని.

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. మహారాష్ట్ర సంఘ సంస్కర్త కార్వే పండితుడు అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు అందరూ బుద్ధిగా విన్నారు. అల్లంపల్లి వెంకట రామారావు గారు లేచి తెలుగులో తీర్మానం చెప్పబోతే గోల చేసి, ఎగతాళి పట్టించి కూర్చోబెట్టారు. మనవాళ్లు బయటికొచ్చి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం నెత్తికెత్తుకున్న పనుల్లో ఊరూరా గ్రంథాలయం పెట్టడం ఒకటి. రాజకీయ సభకు అనుమతి ఇవ్వరు. గ్రంథాలయ వార్షికోత్సవానికైతే అభ్యంతరం చెప్పడం కాస్త కష్టం. వార్షికోత్సవం పేరుతో పొరుగూరి వక్తను పిలిచి నాలుగు మాటలు చెప్పించేవారు. అధికారులేమీ అమాయకులు కారు, వాళ్లకూ తెలుసు. పోలీసుల రాక అందుకే.

ఆ తరంలో నాకు బాగా ఇష్టమైన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. చిన్నతనంలో ఇళ్లలో వంట చేశాడు, హోటల్లో సర్వరు పని చేశాడు, ఆ పక్కనే చదువుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చువేసిన పుస్తకాలు తానే మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మాడు. ఆయన జీవితంలో జైలు కూడా ఉంది. పుస్తకం మోసినవాడికీ జైలుకూ లంకె ఏమిటని మీ తాతగారిని అడిగితే ఇంకా చాలా చెప్పేవారు.

కాలవలో పడవ మీద పుస్తకాలు వచ్చేవని మా నాయనమ్మ చెబితే మా పిల్లలు నవ్వుతున్నారు. నిజంగా అలాంటిది ఉండేదా?
– ఒక గృహిణి, దుగ్గిరాల

ఉండేదమ్మా. పిల్లల్ని కూర్చోబెట్టి ఇది చదివి వినిపించండి. మీ ఇంటికి పుస్తకంతో పాటు నీళ్లు కూడా ఆ కాలవల్లోనే వచ్చేవి.

కృష్ణా డెల్టాలో కాలవలు తవ్వింది సాగుకైనా, రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో మనుషులూ సరుకులూ పోయింది వాటి మీదే. పడవ ముందుకు తాడు కట్టి, గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లు. లాకుల దగ్గర నీటిమట్టం కలిసేదాకా ఆగాలి. ప్రయాణం అంటే గంటలకు గంటలు ఊరికే కూర్చోవడం. ఆ ఊరికే కూర్చునే టైము మీద పాతూరి నాగభూషణం గారి కన్ను పడింది. 1935 అక్టోబరులో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవ గ్రంథాలయం నడిపారు. అప్పటికాయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. స్వగ్రామం పెదపాలెం, మీ దుగ్గిరాల పక్కనే.

మరి కాలవ కట్టేసే నెలల్లో? పల్లెటూళ్లో అసలు చదువుకునే తీరిక దొరికేది ఆ వేసవిలోనే, పొలం పనులు ఉండవు గనక. పడవ ఆగేదీ అప్పుడే. అందుకే వీళ్లు ఒక్క పడవనే నమ్ముకోలేదు. నడిచి వెళ్లారు, ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేశారు, చదువురాని వాళ్లకి చదివి వినిపించారు. తమిళదేశంలో మన్నార్‌గుడి దగ్గర 1931లోనే ఎడ్లబండి మీద పుస్తకాలు పెట్టి పల్లెలకు తిప్పారు. మనకు కాలవలున్నాయి కాబట్టి పడవ. ఎక్కడ ఏది కదిలితే దాని మీద పుస్తకం ఎక్కించారు.

పాతూరి వారు ఆ పడవతో ఆగలేదు. బెజవాడలో సర్వోత్తమ భవనం కట్టించి, గ్రంథాలయ సంఘాన్ని దశాబ్దాల పాటు మోశారు. గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ ఇప్పించారు. ఆ భవనానికి పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిది. 1908లో రాజద్రోహం కింద జైలుకెళ్లిన మనిషి, తర్వాత జీవితమంతా వయోజన విద్య, గ్రంథాలయాలు అంటూ తిరిగారు. మా తరం లైబ్రేరియన్లు ఎక్కడ కలిసినా పాతూరి వారి ప్రస్తావన రాకుండా టీ తాగడం పూర్తయ్యేది కాదు.

నవంబరు 14 బాలల దినోత్సవం. అదే రోజు గ్రంథాలయ వారోత్సవాలు మొదలుపెట్టడం నెహ్రూ గారి గౌరవార్థమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

కాదండీ. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనకున్నది మన అయ్యంకి వెంకట రమణయ్య. అప్పటికి 29 ఏళ్లవాడు. దానికి ఐదేళ్ల ముందే, 1914 ఏప్రిల్ 10న, బెజవాడ రామ్మోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టించాడు. ఆ సభకు అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు, చూపు సరిగ్గా ఆననివాడు. పుస్తకం విలువ తెలిసినవాణ్ణి పిలవాలంటే ఆయన్నే పిలవాలి మరి. అయ్యంకికి 1972లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లల పండగ, పుస్తకాల పండగ ఒకే రోజు రావడం కలిసొచ్చిందంతే. మీ బడిలో రెండింటికీ కలిపి ఒకే మిఠాయి పంచుతున్నారేమో, అది మాత్రం అన్యాయం.

పాత తెలుగు పత్రికల మీద పరిశోధన చేస్తున్నాను. వేటపాలెం వెళ్లమని మా గైడు చెప్పారు. వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?
– ఒక పరిశోధక విద్యార్థి, తిరుపతి

మీ గైడు మంచివారు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి, అందరూ వి.వి. శ్రేష్ఠి అంటారు, కొద్దిమంది కుర్రాళ్లతో మొదలుపెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడు ఆయన చేతికర్ర అక్కడ ఉండిపోయింది, ఇప్పటికీ చూపిస్తారు. చాలామంది దానికోసమే వెళ్తారు. మీరు మాత్రం కర్రను ఒక్క నిమిషం చూసి బీరువాల దగ్గరికి నడవండి. ఆ పాత పత్రికల సంపుటాల కోసం దేశదేశాల పరిశోధకులు ఆ చిన్న ఊరికి వచ్చారు.

మీ తిరుపతి వైపు నుంచి వస్తే చీరాలకు ముందే వేటపాలెం రైలు స్టేషను. పాసింజరు బండ్లు ఆగుతాయి. ముందుగా కబురు పెట్టి, మీ విశ్వవిద్యాలయం ఉత్తరం వెంట తీసుకెళ్లండి. చూడాల్సిన సంవత్సరాలు ముందే కాగితం మీద రాసుకోండి. ‘పాత పేపర్లన్నీ చూపించండి’ అంటే ఏ లైబ్రేరియనూ ఏమీ చెయ్యలేడు. 1920ల నాటి న్యూస్‌ప్రింట్ గోధుమరంగు తిరిగి, అంచులు అప్పడంలా విరుగుతాయి. పేజీని మూల పట్టుకుని లాగొద్దు. కింద అరచెయ్యి పెట్టి, రెండో చేత్తో ఆనించి తిప్పండి. వేలు తడి చేసుకునే అలవాటుంటే ఆ వేలు జేబులోనే ఉంచండి. ఫ్యాను కింద కూర్చోవద్దు. ఫొటో తీసుకోవాలంటే అడిగి తీసుకోండి, ఫ్లాష్ వద్దు. బైండు మధ్యలోకి పోయిన అక్షరాల కోసం సంపుటాన్ని విరగ్గొట్టి తెరిచే పరిశోధకులున్నారు. వాళ్లకు డాక్టరేటు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇల్లు కదలకుండా మొదలుపెట్టాలంటే, ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలు కొన్ని డిజిటల్ చేయించింది. ముందు అవి చూసుకుని, దొరకని వాటికోసం రైలెక్కండి. వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు తెచ్చుకోవడం మరిచిపోవద్దు, మీ గైడుగారికి కూడా.

మా నాన్నగారి పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. మా ఊరి లైబ్రరీకి ఇస్తామంటే ‘వద్దండీ’ అన్నారు. ఉచితంగా ఇచ్చినా తీసుకోరా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

మీ బాధ అర్థమైంది. ఆ లైబ్రేరియను బాధ కూడా వినండి.

గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకమూ స్టాకు రిజిస్టరు ఎక్కాలి. దానికో నంబరు పడాలి. ఆ నంబరు టైటిల్ పేజీ మీద వేస్తారు, లోపల ఎక్కడో ఒక రహస్య పేజీ మీద కూడా వేస్తారు. మొదటి పేజీలు చించేసి ‘ఇది మా ఇంటి పుస్తకమే’ అనేవాళ్లను పట్టుకోవడానికి అది. ఏ పేజీయో చెప్పను, ఎంత రిటైరైనా. నంబరు పడ్డ పుస్తకం పోతే లెక్కల తనిఖీలో లైబ్రేరియను జవాబు చెప్పాలి, ఒక్కోసారి జేబులోంచి కట్టాలి. కాబట్టి బీరువా మొత్తం అనగానే ముందు భయమే కలుగుతుంది. కిటికీ రెక్క ఊడి, వాన జల్లు కొట్టే గదిలో ఉన్న పుస్తకాలకే చోటు లేని శాఖలు చూశాను.

ఇంకో సంగతి. ఒకసారి సంక్రాంతి ముందు ఒకాయన ఆటోలో గోనె సంచులు దింపి ‘విరాళం’ అని చెప్పి వెళ్లిపోయారు. విప్పితే ఇన్‌కంటాక్స్ గైడులు, వాళ్లబ్బాయి ఇంటర్ కెమిస్ట్రీ నోట్సులు, రాసేసిన డైరీలు, ఎవరిదో పెళ్లి శుభలేఖల కట్ట. అన్నిటికీ అడుగున, చెద పట్టిన అట్టతో, ‘భారతి’ పత్రిక పాత బైండు ఒకటి. చెదను దులిపి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి, వసకొమ్ము ముక్కలు పెట్టి దాచాం. ఆ ఒక్క బైండు కోసం మిగతా సంచులు క్షమించేశాను. ఎండుతున్న శుభలేఖల్లో సగం మా అటెండరు చిట్టీలు రాసుకోవడానికి పనికొచ్చాయి.

మీరు ఇలా చెయ్యండి. పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం, అట్ట స్థితి రాసి జాబితా చెయ్యండి. పాఠ్యపుస్తకాలు, గైడులు తీసేయండి. ఆ జాబితాతో శాఖకు కాదు, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. అక్కడ ఏది ఏ శాఖలో లేదో చూసుకుని తీసుకోగలరు. 1940కి ముందువి ఉంటే మాత్రం విడదీసి, వేటపాలెం లాంటి చోటికి ఉత్తరం రాయండి. నాన్నగారి పేరుతో బీరువా పెట్టమని పట్టుబట్టకండి. పేరు ప్రతి పుస్తకం మొదటి పేజీలో ముద్ర వేయించండి. బీరువాకి తాళం పడుతుంది, తాళంచెవి పోతుంది. పుస్తకం చేతులు మారుతూ ఉంటే పేరు కూడా తిరుగుతుంది. గ్రంథాలయ ఉద్యమం రోజుల్లో ఊరి గ్రంథాలయాలు నిండింది ఇలా ఇళ్లలోంచి వచ్చిన పుస్తకాలతోనే. అప్పుడు లెక్క చూసేది ఊరే గనక ఎవరికీ భయం ఉండేది కాదు.

పేపరు చదువుకుందామని వెళ్తే గ్రంథాలయంలో కుర్చీ దొరకడం లేదు. అన్నింట్లో పోటీ పరీక్షల పిల్లలే, సొంత పుస్తకాలు తెచ్చుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా. గ్రంథాలయం దీనికా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

దీనికీనండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మెట్ల దగ్గర ఒక పూట నిలబడితే మీకే తెలుస్తుంది. హాస్టల్ గదిలో ముగ్గురు, నలుగురు ఉంటారు. అక్కడ చదువు సాగదు. టిఫిను డబ్బా, నీళ్ల సీసా, సొంత చార్జరు పట్టుకుని తలుపు తెరవకముందే వచ్చి నిలబడతారు. వాళ్లకి కావాల్సింది బల్ల, వెలుతురు, మాట్లాడని మనుషులు. 1901లో రావిచెట్టు వారి ఇంటికి వచ్చిన కుర్రాళ్లకూ కావాల్సింది దాదాపు అదే.

మీ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. పేపర్లకు వేరే గది ఉండాలి. లేనిచోట కనీసం వరండాలో బెంచీ వేయించాలి. మా దగ్గర పొద్దున్నే పేపరు షీట్లు విడదీసి ఒక్కో షీటు ఒక్కొక్కరికి ఇచ్చేవాళ్లం. క్రీడల పేజీ కోసం ఎదురుచూస్తూ నడిమి షీటు చదివేసి, ఆ దెబ్బతో సంపాదకీయాల అలవాటు పడ్డ పెద్దమనుషులు ఉన్నారు.

మా పంచాయతీ ఇంటి పన్ను రసీదులో ‘గ్రంథాలయ పన్ను’ అని ఒక వరస ఉంది. మా ఊళ్లో గ్రంథాలయమే మూసేసి ఉంది. ఆ డబ్బు ఎటు పోతోంది?
– ఒక రైతు, బాపట్ల జిల్లా

ఈ కట్టలో నన్ను ఎక్కువ సంతోషపెట్టిన ఉత్తరం ఇదే. రసీదు చదివేవాళ్లే అరుదు.

మద్రాసు రాష్ట్రంలో 1948లో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అలాంటి చట్టం అదే మొదటిది. దాని వెనక గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి ఉంది. ఇంటి పన్నులో రూపాయికి ఆరు పైలు, అంటే అర్ధణా (రూపాయిలో ముప్పై రెండో వంతు), గ్రంథాలయాలకని పెట్టారు. హైదరాబాదు రాష్ట్రం 1955లో సొంత చట్టం చేసుకుంది. రెండూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది, జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని కింద నడుస్తున్నాయి. ఇప్పుడు రూపాయికి 8 పైసలు. మీ ఇంటి పన్ను వెయ్యి అయితే 80 రూపాయలు పుస్తకాల వాటా. పంచాయతీ, మునిసిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. పుస్తకాలు, పత్రికలు, కరెంటు బిల్లు, భవనాలు చాలావరకు ఆ డబ్బు మీదే.

వసూలు చేసినవాళ్లు సకాలంలో జమ చెయ్యకపోవడం పాత జబ్బు. నేను పనిచేసిన రోజుల్లో పత్రికల బిల్లు కట్టలేక, పేపర్లు వేసే కుర్రాడి కంటబడకుండా వెనక తలుపు తీసి వెళ్లిన సందర్భాలున్నాయి. ఒకప్పుడు ఊరివాళ్లే చందా వేసుకుని, స్థలం ఇచ్చి, పెంకులు మోసి కట్టుకున్న గ్రంథాలయాలు ఇవి. చట్టం వచ్చాక జీతాలు వచ్చాయి, రిజిస్టర్లు వచ్చాయి, మంచిదే. దాంతో పాటు ‘ఇది సర్కారుది, మనది కాదు’ అన్న మాట కూడా వచ్చింది. తలుపు మూసేస్తే అడిగేవాడు లేకుండా పోయాడు. చట్టాన్ని నేను తప్పుపట్టను. అడగడం మానుకున్నవాళ్లనే అంటాను.

మీరు అడగండి. సమాచార హక్కు కింద పంచాయతీ కార్యదర్శికి ఒక దరఖాస్తు పెట్టండి: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు, బకాయి ఎంత. ఇంకో దరఖాస్తు జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి: మీ ఊరి శాఖ ఎప్పుడు, ఎందుకు మూతపడింది, ఆ పుస్తకాలు ఎక్కడున్నాయి. రెంటికీ రసీదు నకలు జతచేయండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు ఉంది. వచ్చిన జవాబు పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు పక్కన అంటించండి, ఒక కాపీ మాకూ పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.